బాత్‌రూమ్‌లో ఎర్ర తీగ: ప్రాజెక్టు డైరీ

ఇల్లు: విశాఖ సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు.
ఉండేది: మా మేనత్త. రిటైరైన టీచరు, ఒక్కతే ఉంటుంది.
నేనుండేది: గాజువాక. రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావు గంట. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే ఎంతసేపో చెప్పలేం.

బాత్‌రూమ్‌లో అత్త కాలు జారి పడింది. ఎముకలు విరగలేదు కానీ లేవలేకపోయింది. ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంది. పొద్దున్న పనమ్మాయి వచ్చేదాకా తడి నేల మీదే. ఈ వయసులో గట్టి నేల మీద ఒకే భంగిమలో గంటకు మించి ఉండిపోతే ఒత్తిడికి కండరాలు దెబ్బతినొచ్చు, వాటిలోంచి రక్తంలో కలిసే పదార్థాలు కిడ్నీలను పాడుచేయొచ్చు. అంటే ఏమీ విరగని పడటం కూడా ఆసుపత్రికి చేర్చగలదు.

మళ్లీ పడితే బాత్‌రూమ్ నుంచే మనుషుల్ని పిలిచే ఏర్పాటు చేయాలనుకున్నాం. పని మొదలుపెట్టే ముందు రాసుకున్న షరతులు:

1. నేల మీద పడి ఉన్న మనిషి, తడి చేత్తో, ఒంటి చేత్తో, కళ్లజోడు లేకుండా పిలవగలగాలి.
2. కరెంటు పోయినా, వైఫై పోయినా పనిచేయాలి.
3. పాడైతే పాడైందని అదే చెప్పాలి.
4. పిలిస్తే వచ్చినవాళ్లు లోపలికి రాగలగాలి.

నాలుగోది ఎవరికీ తట్టదు. మొత్తం ఖర్చులో మూడో వంతు పైనే దానికి పోయింది.

గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ, నేల మీద జారని మ్యాటు ముందే పెట్టించాం. అవి పడకుండా ఉండటానికి. ఈ లెక్కలో కలపలేదు.

దశ 1: ఉన్న ఫోనుతోనే

2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోనులో పానిక్ బటన్ ఉండాలని రూలు. కీప్యాడ్ ఫోనైతే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోనైతే పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు, కొత్త ఆండ్రాయిడ్లలో ఐదుసార్లు నొక్కాలి. కాల్ అత్యవసర నంబరు 112కి వెళ్తుంది. అత్త ఫోనులో సేఫ్టీ సెట్టింగ్ ఆన్ చేసి పెట్టాను. పైసా ఖర్చు లేని పని కాబట్టి ఎవరైనా ఈ రోజే చేసుకోవచ్చు. 112, 108లకు మాత్రం టెస్టు కాల్స్ చేయకండి. ఎవరికో నిజంగా కావలసిన లైను అది.

తర్వాత మాటతో కాల్ చేసే అసిస్టెంటును చూశాం. ఫోను హాల్లో, అత్త బాత్‌రూమ్‌లో. తలుపు తీసి ఉంటే వింది. తలుపు వేసి బకెట్లోకి కుళాయి తిప్పితే ఒక్క ముక్క వినలేదు. స్నానం చేసేవాళ్లు తలుపు వేసుకునే చేస్తారు, కుళాయి తిప్పే ఉంచుతారు. ఈ దారి అక్కడితో మూసేశాం.

ఫోనును ప్లాస్టిక్ పౌచ్‌లో వేసి బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లమంటే తీసుకెళ్లింది. కానీ పెట్టే చోటు వెంటిలేటర్ గట్టు. నేల నుంచి ఐదున్నర అడుగులు.

ఖర్చు: 0. ఇప్పటిదాకా మొత్తం: రూ. 0.

దశ 2: మెడలో బటన్

433 మెగాహెర్ట్జ్ వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొన్నాం. బటన్ అత్త మెడలో, బెల్లు ఎదురింటి మాస్టారి హాల్లో. రేంజ్‌తో ఇబ్బంది లేదు. మధ్యలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు రెండున్నా బాగానే మోగింది.

ఓడిపోయింది వాడకంలో. బటన్ తాడు మెడలో గొలుసుతో చిక్కుపడుతోందని పగలు తీసేసేది. స్నానానికి వెళ్తూ ఎలాగూ తీసేసేది. ఆ తాడు వేలాడిన మేకు దేవుడి గదిలో ఉంది. పైగా నొక్కిన మనిషికి అవతల మోగిందో లేదో తెలీదు.

ఈ బెల్లును పారేయలేదు. బటన్‌ను మంచం కోడుకి, పడుకున్నప్పుడు చెయ్యి అందే ఎత్తులో వెల్క్రోతో అతికించాం. రాత్రి మంచం దిగేటప్పుడు తూలితే పనికొస్తుంది. బాత్‌రూమ్‌కి మాత్రం మనిషి మీద ఉండేది కాకుండా గదిలోనే ఉండిపోయేది ఏదైనా కావాలి.

ఖర్చు: 650. మొత్తం: రూ. 650.

దశ 3: తాడు నుంచి తీగకి

బ్రిటన్‌లో వికలాంగుల టాయిలెట్లకి నిబంధన ఒకటుంది. ఎర్ర తాడు పైకప్పు నుంచి కిందిదాకా వేలాడాలి, దానికి రెండు ఎర్ర గాజులు కట్టాలి. ఒకటి నేలకి 10 సెంటీమీటర్ల ఎత్తులో, ఇంకొకటి 80 నుంచి 100 సెంటీమీటర్ల మధ్యలో. మేమూ అలాగే నైలాన్ తాడు, పైన మైక్రో స్విచ్ (కొంచెం లాగితే పడే చిన్న స్విచ్), పూర్ణా మార్కెట్లో కొన్న ప్లాస్టిక్ గాజులు రెండు పెట్టాం. అత్తకి గాజులు నచ్చాయి.

నేల కడిగేటప్పుడు తాడు అడ్డొస్తోందని పనమ్మాయి దాన్ని గీజర్ పైపుకి చుట్టేసింది. విప్పి చెప్పి వస్తే, మళ్లీ వెళ్లేసరికి మళ్లీ పైపు మీదే. ఆ అమ్మాయిని అనడానికి లేదు. చీపురుకి తగిలే ప్రతిదాన్నీ ఎవరైనా పైకి ఎత్తే పెడతారు. ఇంకో లోపం, తాడు ఉన్నది ఒక్క మూల. గది ఐదడుగులు బై ఏడు. అవతలి మూల పడితే గాజు చేతికి అందదు.

నేను చేసేది పరవాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని, అంటే యంత్రాల కొలత పరికరాలు చూసుకోవడం. సరుకు మోసుకెళ్లే కన్వేయర్ బెల్టులున్న చోట బెల్టు పొడవునా ఎర్ర తీగ ఒకటి ఉంటుంది. ఎవరైనా ఎక్కడ పట్టుకుని లాగినా బెల్టు ఆగిపోతుంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టాం. నేలకి 20 సెంటీమీటర్ల ఎత్తులో, తలుపున్న గోడ వదిలేసి మిగతా మూడు గోడల వెంట, గోడకి నాలుగు వేళ్ల ఎడంగా అడ్డంగా సాగే తీగ. "ఏట్రా ఇది, ఇక్కడేమైనా బెల్టు నడుపుతావా?" అంది అత్త.

నైలాన్‌తో చేసిన మొదటి కూర్పు పనిచేయలేదు. బ్యాగులు తూచే కొక్కెం తూకంతో కొలిచిన అంకెలివి:

- నైలాన్ తాడు, మూలల్లో స్క్రూ కొక్కేలు: దూరపు మూలలో స్విచ్ పడటానికి 4.6 కిలోల లాగుడు. తాడు సాగడం వల్ల చెయ్యి 30 సెంటీమీటర్లు కదలాలి.
- నేల మీద పడుకుని అత్త ఎడమ చేత్తో లాగగలిగింది: 2.5 కిలోలు.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే అసలు సమస్య. మార్చినవి:

1. నైలాన్ తీసేసి ప్లాస్టిక్ తొడుగున్న స్టీలు తీగ వేశాం. బట్టలారేసే తీగే, ఎర్రది.
2. మూలల్లో కొక్కేల బదులు సీలింగ్ హ్యాంగర్లకి వాడే చిన్న ప్లాస్టిక్ కప్పీలు బిగించాం.
3. మైక్రో స్విచ్ తీసేసి దొంగల అలారానికి వాడే డోర్ మాగ్నెట్ పెట్టాం. గాజు గొట్టంలో సీలు చేసిన రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరుంటే కలిసేది) గోడకి, అయస్కాంతం తీగ కొసకి. తీగ లాగితే అయస్కాంతం జరిగి స్విచ్ కాంటాక్టు విడిపోతుంది. వదిలితే స్ప్రింగు వెనక్కి తెస్తుంది.

ఇప్పుడు దూరపు మూలలో 1.3 కిలోలు, చెయ్యి కదలాల్సింది 7 సెంటీమీటర్లు. సబ్బు చేత్తో తీగ జారుతోంది కాబట్టి రెండడుగులకొక గాజు గుచ్చాం. గాజులో వేలు దూరితే చాలు. చీపురు కింద నుంచి వెళ్లిపోతుంది, ఎవరూ ఎత్తి కట్టే పని లేదు.

స్విచ్ మార్చడానికి కారణం మన ఊరి గాలి. సముద్రపు ఉప్పుకి తోడు స్నానాల గది తేమ. బయటికి తెరిచి ఉన్న కాంటాక్టు ఏదైనా వానాకాలం దాటేలోపు పచ్చగా చిలుం పడుతుంది. ఇంకో మాట, బాత్‌రూమ్‌లోకి వెళ్లేది 3.3 వోల్టులు మాత్రమే. ఇంటి కరెంటు లైనుకి ఈ తీగతో ఎక్కడా సంబంధం ఉండకూడదు.

ఖర్చు: పక్కన పడేసిన తాడు, మైక్రో స్విచ్ 180. తీగ 120, కప్పీలు 140, స్క్రూలు, కొక్కేలు 90, డోర్ మాగ్నెట్ 110, గాజులు 40. మొత్తం: రూ. 1,330.

దశ 4: డబ్బా

లాగగానే ఫోన్లు చేసే డబ్బా. మొదట కొన్నది ఎస్ఐఎం800ఎల్ అనే 2జీ మాడ్యూల్, అంటే సిమ్ వేస్తే కాల్స్ చేసే చిన్న బోర్డు. కాల్ చేయబోయిన ప్రతిసారీ రీసెట్ అయ్యేది. మల్టీమీటరులో 4 వోల్టులు నిలకడగా కనిపిస్తుంటే ఎందుకో అర్థం కాదు. ఆఫీసు నుంచి ఆసిలోస్కోపు (వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో చూపేది) తెచ్చి చూస్తే సిగ్నల్ పంపే క్షణంలో 3.1కి పడిపోతోంది. ఈ మాడ్యూల్ ఆ క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, 3.4 కిందికి వెళ్తే తట్టుకోలేదు. సన్నటి జంపర్ వైర్లు తీసేసి, లావు వైరు పొట్టిగా వేసి, పిన్నుల పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే నిలబడింది.

నిలబడ్డాకే పక్కన పెట్టాం. ఇది 2జీ మాత్రమే. జియోకి 2జీ లేదు, మిగతావాళ్లు దాన్ని ఎన్నాళ్లు నడుపుతారన్న నమ్మకం మీద ఇలాంటి పరికరం కట్టలేం. 4జీ మాడ్యూల్ తెచ్చాం. కొనేవాళ్లు మోడల్ నంబరు చూసుకోండి. కొన్నిటిలో డేటా మాత్రమే ఉంటుంది, వాయిస్ ఉండదు.

అత్త పాత సిమ్‌ని 4జీ సిమ్‌గా మార్పించి పెడితే కాల్స్ వెళ్తున్నాయి, మెసేజ్‌లు ఒక్కటీ వెళ్లలేదు. ప్రోగ్రామంతా తిరగేశాం. మరుసటి రోజు వాటంతటవే వెళ్లడం మొదలయ్యాయి. సిమ్ మోసాలు ఆపడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం అది. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్ పనిచేయదు. సిమ్ మార్చినవాళ్లు ఆ ఒక్క రోజు ఏ తీర్పూ ఇవ్వకండి.

సిగ్నల్: డబ్బా బాత్‌రూమ్ పక్క గోడకి ఉన్నప్పుడు రీడింగు 9, అంటే మైనస్ 95 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు). హాలు కిటికీ పక్కకి మారిస్తే 17, అంటే మైనస్ 79. వైరు నాలుగు మీటర్లు ఎక్కువ పట్టింది, అంతే.

వైరు సంగతి. డబ్బా నుంచి స్విచ్‌కి వెళ్లే వైరు తెగితే డబ్బాకి తెలియాలి. అందుకు స్విచ్ దగ్గరే (డబ్బాలో కాదు) రెండు 4.7 కిలో ఓం రెసిస్టర్లు పెట్టాం. ఒకటి వరసలో, ఒకటి రీడ్ స్విచ్‌కి సమాంతరంగా. డబ్బాలో ఇంకో 4.7 కిలో ఓం రెసిస్టరు 3.3 వోల్టుల సప్లైకి కలిపాం. అప్పుడు డబ్బా చదివేది:

- 1.65 వోల్టులు: అంతా బాగుంది
- 2.2: తీగ లాగారు
- 3.3: వైరు తెగింది
- 0: వైర్లు రెండూ కలిశాయి

వానలు పడ్డాక 1.65 కాస్తా 1.8కి పాకింది. తడుముకుంటూ వెళ్తే గోడ దగ్గర చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు. విప్పితే రాగి కనపడలేదు, అంతా పచ్చదనమే. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే మళ్లీ 1.65. కేవలం ఆన్, ఆఫ్ మాత్రమే చూసే స్విచ్ అయితే ఈ జాయింటు పూర్తిగా పోయేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

తీగ లాగాక జరిగే వరస:

1. బాత్‌రూమ్‌లోనే చిన్న బజర్ వెంటనే మోగుతుంది. పడి ఉన్న మనిషికి "కబురు వెళ్లింది" అని తెలియాలి.
2. 20 సెకన్ల గడువు. పొరపాటున లాగి ఉంటే రద్దు బటన్ నొక్కొచ్చు. ఆ బటన్ నేలకి 140 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. లేచి నిలబడగలిగితేనే అందుతుంది, ఉద్దేశం అదే.
3. మెట్ల దగ్గర హూటర్.
4. నలుగురికీ ఎస్సెమ్మెస్.
5. వరసగా కాల్స్: ఎదురింటి మాస్టారు, కింద వాచ్‌మన్ భార్య, నేను, హైదరాబాద్‌లో ఉన్న అత్త కూతురు. రికార్డు చేసిన నా గొంతు వినిపిస్తుంది. విని 1 నొక్కితేనే ఆగుతుంది. లేకపోతే తర్వాతి నంబరుకి, చివరికి మళ్లీ మొదటికి.

1 నొక్కడం ఎందుకంటే, ఒక టెస్టులో వాచ్‌మన్ ఇంట్లో చంటిది ఫోనెత్తి "హలో" అని పెట్టేసింది. డబ్బా లెక్కలో మాత్రం కబురు అందినట్టే.

ఇంకో దెబ్బ సైలెంట్ మోడ్. మాస్టారు మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఫోను డూ నాట్ డిస్టర్బ్‌లో పెడతారు. తెలియని నంబరైతే మెలకువగా ఉన్నా ఎత్తరు. నలుగురి ఫోన్లలో ఈ నంబరు "టీచరు గారు బాత్‌రూమ్" పేరుతో సేవ్ చేసి, ఫేవరెట్స్‌లో పెట్టి, డూ నాట్ డిస్టర్బ్‌లోనూ మోగేలా ఒక్కొక్కరి పక్కనా కూర్చుని మార్చాం. చిన్న పనే, కానీ ఇది లేకపోతే డబ్బా మొత్తం దండగ.

108కి డబ్బా చేత కాల్ చేయించలేదు. 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుంచి ఉన్న సర్వీసు. అవతలివాళ్లు ఎవరికి, ఏమైంది, స్పృహ ఉందా, ఎక్కడ అని అడుగుతారు. రికార్డు చేసిన గొంతు జవాబు చెప్పలేదు. ముందు చూసిన మనిషి చేయాలి. హాలు తలుపు వెనక కాగితం అంటించాం: ఫ్లాట్ నంబరు, గుర్తు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, వాడే మందులు, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటుందన్న సంగతి పెద్ద అక్షరాల్లో. కింద ఒక వాక్యం: తుంటి నొప్పి అంటే లేపొద్దు, దుప్పటి కప్పి పక్కన కూర్చోండి.

బ్యాటరీ: రెండు 18650 లిథియం సెల్స్, కలిపి 5,200 ఎంఏహెచ్. ఖాళీగా ఉన్నప్పుడు డబ్బా లాగేది 62 మిల్లీ ఆంపియర్లు. కాగితం మీద దాదాపు 84 గంటలు, ప్లగ్గు పీకి చూస్తే 70 గంటలొచ్చింది. చాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చాలా చోట్ల కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ రోజుల తరబడి లేవు. టవర్లే పడుకుంటే నా బ్యాటరీ ఎంత నిలబడి ఏం లాభం? అందుకే హూటర్ ఉంచాం. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు, మెట్ల మీద మనిషి చెవి చాలు.

రోజూ ఉదయం 7 గంటలకి డబ్బా నాకు ఒక మెసేజ్ పంపుతుంది: "బాగుంది, 4.05, 17, 1.65". అంకెలు వరసగా బ్యాటరీ వోల్టులు, సిగ్నల్, వైరు వోల్టులు. మొదట్లో చదివేవాణ్ని. రోజూ వచ్చేదాన్ని ఎవరూ చదవరు, రాని రోజు గమనించడం ఇంకా కష్టం. ఫోనులో ఆటోమేషన్ యాప్ పెట్టి పద్ధతి తిరగేశాం. 7:30లోపు మెసేజ్ రాకపోతే నా ఫోను మోగుతుంది. వస్తే చప్పుడు లేదు.

రీచార్జి: 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చింది కాబట్టి డేటా లేకుండా వాయిస్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్యాకులు దొరుకుతున్నాయి. ఎక్కువ రోజుల వ్యాలిడిటీది తీసుకోండి. గడువైపోతే అవుట్‌గోయింగ్ ఆగిపోతుంది.

ఖర్చు: వాడని 2జీ మాడ్యూల్ 380, 4జీ మాడ్యూల్ 1,650, కంట్రోలర్ బోర్డు 420, సెల్స్ 560, చార్జింగ్ బోర్డు 240, హూటర్ 320, బూస్టర్, రిలే, డబ్బా, చిల్లర 430. మొత్తం: రూ. 5,330. రీచార్జి వేరే.

దశ 5: తలుపులు

నిజంగా పడ్డట్టు నటించి డ్రిల్లు చేశాం. నేను బాత్‌రూమ్‌లో పడుకుని తీగ లాగాను. మాస్టారు హూటర్ విని నిమిషంలోపే గుమ్మం ముందుకొచ్చారు. అక్కడే నిలబడిపోయారు. గ్రిల్‌కి లోపలి నుంచి తాళం, చెక్క తలుపుకి పైన గడియ, కింద గడియ, మధ్యలో గొలుసు. అత్త పోర్షన్‌లో రాత్రి పదికి ఉండే పరిస్థితే పెట్టుకుని చూశాం. డూప్లికేట్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందని గుర్తొచ్చి, అది తెచ్చి గ్రిల్ తీసినా గడియలు తీయలేరు. మేమే లోపలి నుంచి తీసి డ్రిల్లు ఆపేశాం. గడియారంలో 11 నిమిషాలు.

అత్తతో మాటలు దీని మీదే ఎక్కువ అయ్యాయి.

"గడియ తీసేస్తే దొంగలు రారా?"

"గడియ ఉంటే మాస్టారూ రారు అత్తా."

"ఆయనకి తాళంచెవి ఇస్తే ఊళ్లో లేనప్పుడో?"

న్యాయమైన ప్రశ్న. చేసినవి:

1. చెక్క తలుపుకి లాచ్ లాక్. లోపల గుండీ తిప్పితే పడుతుంది, బయట తాళంచెవితో తెరుచుకుంటుంది. గడియలు, గొలుసు ఊడదీశాం. పై గడియ ఒకటి ఊరెళ్లేటప్పుడు కావాలని పట్టుబట్టింది. ఊరెళ్లేవాళ్లు లోపలి గడియ ఎలా వేస్తారని అడిగితే నవ్వి వదిలేసింది.
2. గ్రిల్ తాళం, లాచ్ లాక్ చెవులు మాస్టారి దగ్గర ఒక జత, వాచ్‌మన్ దగ్గర ఒక జత. మాస్టారు ఊరెళ్తే ఆయన జత పై అంతస్తువాళ్లకి ఇచ్చి వెళ్తారు.
3. బాత్‌రూమ్ లోపలి గడియ బదులు పబ్లిక్ టాయిలెట్లకి వాడే రకం. బయట గాడి ఉంటుంది, రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకుంటుంది.
4. బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది. దాని వెనకాలే మనిషి పడితే ఎవరూ తొయ్యలేరు, తోస్తే ఆమెకే తగులుతుంది. వడ్రంగి ద్వారబంధానికి లోపలి వైపున్న గాడి పూడ్చి, బయటివైపు కొత్త బద్ద కొట్టి, బందులు మార్చి తలుపు హాల్లోకి తెరుచుకునేలా చేశాడు. ఒక పూట పని. హాల్లో ఫ్రిజ్ జానెడు జరపాల్సి వచ్చింది.

మళ్లీ డ్రిల్లు, ఈసారి మెయిన్ ఆఫ్ చేసి. తీగ లాగినప్పటి నుంచి మాస్టారు బాత్‌రూమ్‌లో అడుగుపెట్టేదాకా 2 నిమిషాల 40 సెకన్లు. అందులో 20 సెకన్లు రద్దు గడువు, ఇంకో నలభై సెకన్లు గుత్తిలో తాళంచెవి వెతుక్కోవడం. అత్త ఇంటి చెవులకి ఎర్ర దారం కట్టాం.

ఖర్చు: వడ్రంగి, బద్ద 1,400. బాత్‌రూమ్ గడియ 350. లాచ్ లాక్ 1,250. మొత్తం: రూ. 8,330.

దశ 6: వాడుకలో బయటపడ్డవి

ఉత్తుత్తి అలారాల్లో ఎక్కువ భాగం పనమ్మాయి మాపు కర్ర తీగకి తట్టుకున్నవే. బజర్ వినగానే రద్దు బటన్ నొక్కడం ఆమెకి అలవాటైపోయింది. హూటర్ దాకా వెళ్లినవి తక్కువ. వెళ్లిన ఒకసారి పై అంతస్తు ఆయన నిద్ర పాడైందని గొడవపడ్డాడు. హూటర్‌ని రెండు నిమిషాలకి ఆపి, ఎవరూ 1 నొక్కకపోతే మళ్లీ మోగేలా మార్చాం. ఆయన ఇంట్లోనూ పెద్దావిడ ఉంది. తర్వాత ఆయనే వచ్చి తీగ ఎక్కడ కొన్నారని అడిగాడు.

స్ప్రింగు తుప్పు పట్టింది. స్టెయిన్‌లెస్ స్టీలుది వేశాం. కొనేటప్పుడు మామూలు అయస్కాంతం ఆనించి చూడండి, గట్టిగా అంటుకుంటే అనుమానించండి.

నెలకోసారి, జీతం పడిన తర్వాతి ఆదివారం, అత్తే కుర్చీలో కూర్చుని కాలితో తీగ లాగుతుంది. ఆ రోజు ఒకరు నొక్కితే ఆగదు, నలుగురూ 1 నొక్కాలి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి నొక్కాక అరగంట ఫోను పెట్టదు, అది వేరే సంగతి.

మిగిలిన పని

వంటగది. గ్యాస్ గట్టు కింద అదే తీగ వేయాలి. డబ్బాలో ఇంకో లూపుకి టెర్మినల్స్ (వైర్లు బిగించే చోట్లు) ఖాళీగా ఉన్నాయి, రెసిస్టర్లు ఉన్నాయి, తీగ మూడు మీటర్లు మిగిలింది. కప్పీలు రెండు కొనాలి, 70 రూపాయలు. సంక్రాంతికి రంగులు వేయించేదాకా గోడకి ఇంకో రంధ్రం పడటానికి వీల్లేదని అత్త ఆర్డరు.